నష్టానికి ఇచ్చే డబ్బూ, బాధ్యతకు ఇచ్చే డబ్బూ
(శ్రీకాకుళంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. పెద్దలకూ, విద్యార్థులకూ, డ్యూటీ దిగి ఖాకీ బట్టలతోనే వచ్చి వెనుక వరసలో కూర్చున్న ఆర్టీసీ మిత్రులకూ, గేటు బయట ఆటోలు నిలిపి లోపలికి వచ్చిన మిత్రులకూ నా నమస్కారాలు. ఆర్టీసీవారినీ ఆటోలవారినీ విడిగా పేర్కొనడానికి కారణం ఉంది. ప్రభుత్వం తన సొంత సంస్థలకు ఖజానా నుంచి డబ్బు ఇవ్వడం న్యాయమా, ఇస్తే వాటితో పోటీపడే ప్రైవేటువారికి అన్యాయం జరగదా అన్న ప్రశ్నను మనం ఢిల్లీ వ్యవహారంగా, పెద్ద కంపెనీల తగాదాగా పత్రికల్లో చదివి పక్కన పెడతాం. ఆ ప్రశ్న ఈ హాల్లోనే, ఈ రెండు వరసల మధ్యనే కూర్చుని ఉంది.

నేను ఈ పట్టణంలో డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. అంతకంటే ముందు ఒక కండక్టరు కొడుకుని. మా నాన్నగారు చాలా ఏళ్లు పాలకొండ వైపు, కొండల దిగువన ఉన్న ఒక ఊరికి నైట్ హాల్ట్ బస్సు మీద వెళ్లేవారు. రాత్రి ఊరు చేరి, రచ్చబండ పక్కన బస్సు నిలిపి, డ్రైవరూ ఆయనా బస్సులోనే పడుకుని, తెల్లవారి ఐదున్నరకు మొదటి సింగిల్, అంటే ఒకవైపు ట్రిప్పు, తీసేవారు. సెలవుల్లో నేనూ వెళ్లేవాణ్ణి గనుక ఆ సింగిల్‌లో ఎవరెక్కేవారో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. వంకాయల గంపలతో నలుగురైదుగురు ఆడవాళ్లు, శ్రీకాకుళం పెద్దాసుపత్రికి బయలుదేరిన ఒక ముసలాయన, ఆయన చెయ్యి పట్టుకున్న మనవడు, పాసులున్న కాలేజీ పిల్లలు ముగ్గురో నలుగురో. గెడ్డ (వాగు) పొంగితే వాళ్లు కూడా ఉండేవారు కారు. మా నాన్నగారు అట్ట మీద ఎస్.ఆర్. కాగితం పెట్టుకుని, స్టేజీ స్టేజీకీ టికెట్ల నంబర్లు వేసి, చివర మొత్తం కట్టి, "డీజిలు డబ్బులు కూడా రాలేదురా" అని కాగితం మడిచి జేబులో పెట్టుకునేవారు. ఆ కాగితంలో పదకొండు మంది ఎక్కారని రాయడానికి గడి ఉండేది. ఆ పదకొండు మందిలో ఒకరు ఆసుపత్రికి వెళ్తున్నారనీ, బస్సు రాకపోతే ఆయన ఆ రోజు ఆసుపత్రికి వెళ్లడనీ రాయడానికి గడి ఉండేది కాదు.

నేను ఇవాళ చెప్పదలచినదంతా ఆ లేని గడి గురించే. ప్రభుత్వ సంస్థకు వచ్చే నష్టం ఏడాది చివర ఒకే అంకెగా కనిపిస్తుంది గాని, ఆ అంకె ఒకచోట పుట్టినది కాదు. అందులో కొంత, లాభం రాదని తెలిసి కూడా ప్రజల కోసం నడపమని ప్రభుత్వమే చెప్పిన సేవ వల్ల వచ్చింది. కొంత, నిర్వహణలో అలసత్వం వల్ల, అవసరానికి మించిన ఖర్చు వల్ల వచ్చింది. మరికొంత, యజమాని అయిన ప్రభుత్వం పెట్టుబడి పెట్టవలసిన వేళకు పెట్టకపోవడం వల్ల వచ్చింది. ఈ వేర్వేరు సరుకులను ఒకే గోనెలో కుక్కి, "నష్టపోతున్న సంస్థను ఆదుకుంటున్నాం" అంటూ ఖజానా ఒకే చెక్కు రాసినప్పుడు, ఆ డబ్బు దేనికి వెళ్లిందో ఇచ్చినవారికీ తెలియదు, పుచ్చుకున్నవారికీ తెలియదు. పోటీలో ఉన్న ప్రైవేటువాడు తనకు అన్యాయం జరిగిందని అంటే అది నిజమో అబద్ధమో తేల్చడానికి మన దగ్గర లెక్కే ఉండదు.

ఒకప్పుడు ఈ లెక్క అవసరం అంతగా కనిపించేది కాదు, ఎందుకంటే గుత్తాధిపత్యం దాన్ని కప్పి ఉంచింది. మోటారు వాహనాల చట్టం 1988లో ఆరో అధ్యాయం ప్రకారం ప్రభుత్వం ఒక రూటును జాతీయం చేస్తూ స్కీము ప్రకటిస్తే, ఆ రూటులో స్టేజీ క్యారేజీ బస్సు, అంటే దారిలో స్టాపు స్టాపుకూ జనాన్ని ఎక్కించుకుని దించే బస్సు, నడిపే హక్కు రాష్ట్ర రవాణా సంస్థకే దక్కుతుంది. ఆ హక్కుకు బదులుగా ఎక్కడా కాగితం మీద రాయని ఒక ఒప్పందం ఉండేది. విశాఖపట్నం, శ్రీకాకుళం మధ్య హైవే మీద నిండుగా తిరిగే బస్సు సంపాదించిన దానితో, కొండ దిగువ ఊరికి ఖాళీగా వెళ్లే బస్సును నడపాలి. అర్థశాస్త్రంలో దీన్ని అంతర్గత సబ్సిడీ అంటారు. ఇంటి భాషలో చెప్పాలంటే, పట్నంలో ఉద్యోగం చేస్తున్న అన్న పల్లెలో ఉన్న తమ్ముడి పిల్లలకు ఫీజు కట్టడం లాంటిది. అన్న జీతం బాగున్నంతకాలం ఆ ఏర్పాటు సాగుతుంది. హైవే మీదికి, బండి మొత్తాన్ని అద్దెకిచ్చేందుకు ఉద్దేశించిన కాంట్రాక్ట్ క్యారేజీ పర్మిట్లతో ప్రైవేటు బస్సులు వచ్చి స్టేజీ క్యారేజీల్లా జనాన్ని ఎక్కించుకోవడం మొదలైనప్పుడు, మండల కేంద్రాల మధ్య షేర్ ఆటోలూ మ్యాజిక్ వ్యాన్లూ బస్సుకు ఐదు నిమిషాల ముందు బయలుదేరడం మొదలైనప్పుడు, మీగడ వారికి వెళ్లింది, అడుగు పాలు ఆర్టీసీకి మిగిలాయి. అన్న సంపాదన తగ్గింది, తమ్ముడి పిల్లల ఫీజు మాత్రం అన్న మీదే ఉండిపోయింది.

ఇందులో ఆటో డ్రైవరు తప్పేమీ లేదని స్పష్టంగా చెప్పదలచుకున్నాను. అతడు ఫైనాన్సులో బండి తీసుకుని, నెలనెలా కిస్తీ కట్టి, జనం అడిగిన చోట ఆపి, జనం అడిగిన వేళకు నడిపాడు. పోటీ అంటే అదే. పోటీ వచ్చిన రోజున పాత ఒప్పందం చచ్చిపోయిందని గుర్తించి, ఆ ఖాళీ బస్సుకయ్యే ఖర్చును బహిరంగంగా బడ్జెట్‌లో పెట్టవలసిన ప్రభుత్వాలు ఆ పని చేయకపోవడమే తప్పు. దాని ఫలితంగా ఆర్టీసీ అప్పులు పెరిగాయి, నైట్ హాల్ట్‌లు తగ్గాయి, చివరకు 2020 జనవరి 1న సంస్థ ఉద్యోగులను ప్రజా రవాణా శాఖలోకి తీసుకుని జీతాల భారాన్ని ప్రభుత్వమే నెత్తిన పెట్టుకుంది. ఉద్యోగులకు అది మేలు చేసింది, నేను కాదనను, ఆ ఇళ్లలో ఒకటి మా ఇల్లు కూడా. అయితే జీతాలు ఖజానా ఇవ్వడం మొదలైన తరువాత, కిలోమీటరుకు ఎంత ఖర్చవుతున్నది, అందులో ప్రజాసేవ ఎంత, వ్యాపారం ఎంత అన్న గీత మునుపటికంటే మసకబారింది.

ఈ గీత ఎలా గీయాలో ఆలోచించినవారు ఉన్నారు. విచిత్రమేమిటంటే, ప్రపంచంలో ఈ విషయం మీద ఎక్కువగా ఉదహరించే తీర్పుల్లో ఒకటి మన జిల్లా లాంటి ఒక గ్రామీణ జిల్లా బస్సుల గురించినదే. జర్మనీలో స్టెండాల్ అనే జిల్లా ఉంది. అక్కడ ఆల్ట్‌మార్క్ ట్రాన్స్ అనే కంపెనీకి యంత్రాంగం రూట్ల లైసెన్సులతో పాటు, ఆ రూట్లలో వచ్చే లోటుకు సబ్సిడీ కూడా ఇచ్చింది. లైసెన్సు దక్కని పోటీ కంపెనీ కోర్టుకెక్కింది. సబ్సిడీ లేకుండా నడవలేని సంస్థకు లైసెన్సు ఎలా ఇస్తారని దాని వాదన. ఐరోపా సమాఖ్య ఒప్పందం ప్రకారం, పోటీని వికటింపజేసే ప్రభుత్వ సాయం మీద సాధారణంగా నిషేధం ఉంటుంది. తగాదా జర్మనీ కోర్టుల మెట్లన్నీ ఎక్కి, చివరకు లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం దాకా వెళ్లింది. 2003 జులై 24న ఆ న్యాయస్థానం చెప్పినది ఇది. సంస్థ మీద మోపిన ప్రజాసేవ బాధ్యత ఏమిటో ముందే స్పష్టంగా నిర్వచించి ఉండాలి. దానికి ఇచ్చే పరిహారాన్ని ఏ కొలమానంతో లెక్కిస్తారో ముందే బహిరంగపరచి ఉండాలి. బాధ్యతకు అయిన ఖర్చుకూ, దాని మీద సమంజసమైన లాభానికీ మించి ఇవ్వకూడదు. ఆ బాధ్యతను టెండరు ద్వారా అప్పగించకపోతే, సక్రమంగా నడిచే ఒక మామూలు సంస్థకు ఆ పనికి ఎంతవుతుందో అంతే ఇవ్వాలి. ఇవన్నీ పాటించినప్పుడు ఆ డబ్బు సాయం కిందికి రాదు, చేయించుకున్న పనికి ఇచ్చిన వెల అవుతుంది.

ఈ తీర్పులో నాకు నచ్చినది "ముందే" అన్న మాట. ఏడాది గడిచాక లోటు చూసి పూడ్చడం వేరు, ఏడాది మొదట్లోనే ఫలానా ఊరికి ఫలానా వేళకు రెండు సింగిల్స్ నడపాలి, దానికి ఇంత ఇస్తాం అని రాసుకోవడం వేరు. మొదటి పద్ధతిలో నిర్వాహకుడు ఎంత నిర్లక్ష్యంగా ఉంటే అంత డబ్బు వస్తుంది. రెండో పద్ధతిలో అతడు ఒక లీటరు డీజిలు ఆదా చేస్తే ఆ ఆదా సంస్థకే మిగులుతుంది. పోటీదారుకు కూడా ఆ కాగితం చూపించి, ఇదిగో, ఈ పనికే ఇస్తున్నాం, నీతో పోటీపడడానికి ఇవ్వడం లేదు అని చెప్పగలం.

మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకాన్ని ఈ వెలుగులో చూడమని కోరుతున్నాను. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి సర్వీసుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. కండక్టరు సున్నా చార్జీ టికెట్ ఇస్తాడు, ఆ టికెట్ల విలువను ప్రభుత్వం సంస్థకు చెల్లించాలి. ఒక సేవకు ఒక లెక్క, ఒక చెల్లింపు. ఈ కూర్పు మంచిది. మా నాన్నగారి కాగితంలో లేని గడి ఒకటి ఈ కండక్టరు టికెట్ యంత్రంలో వచ్చింది. అయితే పథకం మొదలైన తరువాత తమ గిరాకీ పడిపోయిందని ఆటో డ్రైవర్లు ఆందోళనకు దిగారు, ప్రభుత్వం అక్టోబరు 4న "ఆటో డ్రైవర్ల సేవలో" అన్న పేరుతో ఏడాదికి 15,000 రూపాయల చొప్పున 2,90,000 మందికి పైగా డ్రైవర్ల ఖాతాల్లో వేసింది. ఈ రెండు అడుగులనూ పక్కపక్కన పెట్టి చూస్తే మన విషయం మొత్తం అందులో కనిపిస్తుంది. ప్రభుత్వం తన సంస్థ ద్వారా ఒక మేలు చేసింది, ఆ మేలు పక్కవాడి పొట్ట మీద కొట్టింది, కొట్టిందని ఒప్పుకుని పరిహారం ఇచ్చింది. ఒప్పుకోవడం గౌరవించదగినదే. కానీ నెలకు పన్నెండు వందల యాభై రూపాయలు కిస్తీలో ఎన్నో వంతో ఇక్కడున్న మిత్రులకు తెలుసు. ఆ 15,000 ఏ లెక్క మీద వచ్చింది, హైవే పక్క స్టాండులో గిరాకీ పోగొట్టుకున్నవాడికీ, బస్సే వెళ్లని ఊళ్లో పైసా నష్టపోనివాడికీ ఒకే మొత్తం ఎందుకు అని అడిగే హక్కు వారికి ఉంది. అలాగే, బస్సే రాని ఊళ్లోని ఆడమనిషి, ఉచిత ప్రయాణం అంటే ఏమిటి బాబూ అని అడిగితే దానికి కూడా మన దగ్గర సమాధానం ఉండాలి. ఆమె ఇప్పటికీ ఆటోకు డబ్బులిచ్చే వెళ్తోంది. నా మటుకు నేను మొదటి రూపాయి ఆమె ఊరికి ఉదయం బస్సు వేయడానికి ఖర్చు కావాలని అంటాను, నిండుగా తిరుగుతున్న రూటులో టికెట్ మాఫీకి ఆ తరువాత.

ఇప్పుడు టెలిఫోన్ సంగతికి వస్తాను. బస్సుల్లో జరిగినదే అక్కడ పెద్ద ఎత్తున, అంకెలతో సహా కనిపిస్తుంది. 2000 అక్టోబరు 1న టెలికాం శాఖ నుంచి విడదీసి బీఎస్ఎన్ఎల్‌ను కంపెనీగా చేశారు. అప్పటికే ప్రైవేటు కంపెనీలు రంగంలో ఉన్నాయి. పాతకాలంలో ఎస్టీడీ కాల్ చార్జీల రాబడితో పల్లె ల్యాండ్‌లైన్‌ను పోషించేవారు, ఇది కూడా అన్నదమ్ముల ఏర్పాటే. పోటీ వల్ల ఎస్టీడీ చార్జీలు పడిపోయేసరికి, పల్లె ఫోన్ల లోటు పూడ్చడానికి 2003లో యాక్సెస్ డెఫిసిట్ చార్జి అనే రుసుము పెట్టి, ఇతర కంపెనీల కాల్స్ మీద వసూలు చేసి ప్రధానంగా బీఎస్ఎన్ఎల్‌కు అందేలా చేశారు. ప్రైవేటు కంపెనీలు దీన్ని గట్టిగా వ్యతిరేకించాయి. పోటీదారు జేబులోంచి తీసి ఇవ్వడం ఏమిటన్న వారి అభ్యంతరంలో బలం ఉంది. ఆ రుసుము దశలవారీగా తగ్గి 2008లో పోయింది. 2009-10 నుంచి బీఎస్ఎన్ఎల్ నష్టాల్లోకి జారింది. ఆ ఒక్క కారణం వల్లే జారిందని నేను అనను, లక్షల మంది సిబ్బంది జీతాలూ, వైర్ల ఫోన్లు వదిలి జనం సెల్‌ఫోన్లకు మళ్లడమూ ఉన్నాయి. కానీ పల్లె బాధ్యత పోకుండా, దానికి వచ్చే వెల మాత్రమే పోయిందన్నది గమనించాలి.

తరువాత జరిగినది నాకు మరీ బాధ కలిగిస్తుంది. 2010లో 3జీ స్పెక్ట్రం (ఫోన్ సిగ్నల్‌కు వాడే రేడియో తరంగాలు) వేలం జరిగినప్పుడు, వేలంలో పలికిన ధర చొప్పున, వేలంలో పాల్గొనని బీఎస్ఎన్ఎల్ చేత కూడా 3జీకీ, బ్రాడ్‌బ్యాండ్ స్పెక్ట్రానికీ కలిపి దాదాపు 18,500 కోట్ల రూపాయలు కట్టించారు. కూడబెట్టిన నిల్వ ఆ విధంగా ఖజానాకు వెళ్లింది. 2012లో దేశంలో మొదటి 4జీ సేవ కలకత్తాలో ప్రైవేటుగా మొదలైంది, 2016 సెప్టెంబరు 5న జియో వచ్చి డేటా ధరలను నేలకు దించింది. బీఎస్ఎన్ఎల్‌కు 4జీ స్పెక్ట్రం ఇవ్వాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించినది 2019 అక్టోబరులో. ఆ తరువాత పరికరాల టెండరు రద్దయింది, దేశీయ పరిజ్ఞానంతోనే చేయాలన్న నిర్ణయం వచ్చింది, టీసీఎస్, తేజస్ నెట్‌వర్క్స్, సీ-డాట్ కలిసి కట్టిన ఆ వ్యవస్థను 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధానమంత్రి ప్రారంభించారు. దేశీయ పరిజ్ఞానం సాధించడం గర్వించదగిన విషయమే. కానీ పోటీదారులు 5జీకి వెళ్లిపోయాక 4జీ వచ్చిన కంపెనీకి, ఈలోపు వెళ్లిపోయిన ఖాతాదారులను ఎవరు తెచ్చిస్తారు? 2019లో, ఢిల్లీ, ముంబై ఫోన్ల ప్రభుత్వ సంస్థ ఎంటీఎన్ఎల్‌తో కలిపి, దాదాపు 69,000 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ, 2022లో 1.64 లక్షల కోట్లు, 2023లో 89,047 కోట్లు. వేళకు వానపడితే ఒక్క తడితో పండే చేనుకు, ఎండిపోయిన తరువాత కాలువలు తవ్వినట్టు ఉంది ఈ వరస. వీటిలో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్న 78,000 మందికి పైగా ఉద్యోగులకు ఇచ్చినదీ ఉంది, స్పెక్ట్రం విలువ కింద ప్రభుత్వం తన కుడి జేబులోంచి తీసి ఎడమ జేబులో వేసుకున్నదీ ఉంది, నిజంగా టవర్లుగా మారినదీ ఉంది. అంతా కలిపి "మూడు లక్షల కోట్లు తగలేశారు" అని ఒకరు, "మూడు లక్షల కోట్లు ఇచ్చి నిలబెట్టాం" అని మరొకరు అంటారు. ఆ రెండు మాటలకూ ఆధారం ఆ ఒకే గోనె.

అదే బీఎస్ఎన్ఎల్‌కు 2022 జులైలో మరొక పని అప్పగించారు. సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ చేర్చాలి, దానికి 26,316 కోట్లు, ఆ డబ్బు సార్వత్రిక సేవా నిధి నుంచి. ఆ నిధి టెలికాం కంపెనీలన్నీ తమ రాబడిలో ఐదు శాతం చొప్పున కట్టగా పోగైనది. గ్రామాల సంఖ్య ఉంది, మొత్తం ఉంది, నిధి ఎక్కడిదో ఉంది. సీతంపేట కొండల మీద ఒక గూడెంలో, ఫోను పట్టుకుని చింతచెట్టు దగ్గర ఒక రాయి మీద నిలబడితే గాని సిగ్నల్ అందని మనిషిని నేను చూశాను. 108కి ఫోను చేయాలంటే మొదట ఆ రాయి దగ్గరికి నడవాలి. ఆ రాయి అవసరం లేకుండా చేయడానికి ఇచ్చిన డబ్బును సబ్సిడీ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అయితే ఆ పనిని టెండరు లేకుండా ఒకే సంస్థకు ఇవ్వడం సబబా అని పోటీదారు అడిగితే, ఆ ప్రశ్నను కొట్టిపారేయను కూడా.

ప్రైవేటు కంపెనీలు ఖజానా వైపు చూడకుండా తమ కాళ్ల మీద తాము నిలబడతాయన్న నమ్మకం ఒకటి చదువుకున్నవారిలో బలంగా ఉంది. వొడాఫోన్ ఐడియా ప్రభుత్వానికి బకాయిపడిన మొత్తంలో 16,133 కోట్లను 2023లో, 36,950 కోట్లను 2025లో ప్రభుత్వం షేర్లుగా మార్చుకుంది. ఇప్పుడు ఆ కంపెనీలో 48.99 శాతం వాటా మనదే. అంటే మార్కెట్‌లోని నాలుగు కంపెనీల్లో ఒకటి పూర్తిగా ప్రభుత్వానిది, మరొకటి దాదాపు సగం ప్రభుత్వానిది, స్పెక్ట్రం వేలం వేసేదీ, లైసెన్సు ఫీజు వసూలు చేసేదీ కూడా ప్రభుత్వమే. 2012లో ఆగిపోయిన కింగ్‌ఫిషర్ విమానాల అప్పు దాదాపు 9,000 కోట్లు స్టేట్ బ్యాంకు ముందుండి నడిపిన బ్యాంకుల కూటమి మీద పడింది. 2020 మార్చిలో యెస్ బ్యాంకు మునిగిపోబోతే స్టేట్ బ్యాంకు వెళ్లి 48 శాతం వాటా కొని నిలబెట్టింది. కాబట్టి ప్రైవేటు కంపెనీకి పోయే ప్రభుత్వ ధనం కూడా ఈ చర్చలో భాగమే. తేడా ఒక్కటే. బీఎస్ఎన్ఎల్‌కు ఇచ్చినది బడ్జెట్ కాగితాల్లో కనిపిస్తుంది, ప్రైవేటుకు వెళ్లినది చాలాసార్లు బ్యాంకు పద్దుల్లో మాటుమణుగుతుంది.

విశాఖ ఉక్కు గురించి చెప్పకుండా ఉత్తరాంధ్రలో ఈ విషయం ముగించలేం. ఈ జిల్లాల నుంచి ఆ కర్మాగారానికి వెళ్లి ఇళ్లు కట్టుకున్న కుటుంబాలు ఇక్కడ ఎన్నో. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న శంకుస్థాపన, 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పాటు, 1992 ఆగస్టు 1న జాతికి అంకితం. శంకుస్థాపనకూ అంకితానికీ మధ్య ఇరవై ఒక్క ఏళ్లు. అన్నేళ్లూ ఖర్చు పెరుగుతూ పోయింది, పుట్టుకతోనే అప్పు నెత్తిన ఎక్కింది. పెద్ద ఉక్కు కంపెనీలకు, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, సొంత ఇనుప గనులున్నాయి. 73 లక్షల టన్నుల సామర్థ్యం ఉన్న ఈ కర్మాగారానికి లేవు. ఇది ముడి ఇనుము కొనేది కూడా ప్రధానంగా మరొక ప్రభుత్వ సంస్థ దగ్గరే. 2021 జనవరిలో నూటికి నూరు శాతం అమ్మాలని సూత్రప్రాయంగా నిర్ణయించిన కేంద్రమే 2025 జనవరిలో 11,440 కోట్ల సాయం ప్రకటించింది. సాయం వచ్చినందుకు సంతోషమే. గని అన్నది ప్రతి టన్ను మీదా ప్రతి ఏడూ మిగిలే ఆదా. ప్యాకేజీ అన్నది ఒక్కసారి వచ్చి అప్పులకూ బకాయిలకూ వెళ్లిపోయేది. గని ఇచ్చి ఉంటే ప్యాకేజీ ఎంత తగ్గేదో లెక్క కట్టి ప్రజల ముందు పెట్టలేదు, అదీ నా ఫిర్యాదు.

ఎయిర్ ఇండియా సంగతి క్లుప్తంగా చెప్తాను. 2009-10 నుంచి అమ్మేదాకా నగదుగానూ గ్యారంటీలుగానూ లక్షా పదివేల కోట్లు దాటి ఇచ్చారు, 2022 జనవరి 27న టాటాలకు అప్పగించారు. ఇచ్చిన దానికి ఏ ఊరికి ఏ సేవ అని ఎక్కడా రాసుకోలేదు. ఆ డబ్బు విషయంలో ప్రైవేటు విమాన సంస్థలు చేసిన ఫిర్యాదు న్యాయమైనదే.

అలాగైతే అన్నీ అమ్మేసి, కావలసిన సేవను టెండరు పిలిచి కొనుక్కోవచ్చు కదా అని నా విద్యార్థులే అడిగేవారు. కొన్నిటికి అవును. విమానాలు ప్రభుత్వం నడపనవసరం లేదని నేనూ అనుకుంటాను. కానీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన తరువాతి రోజులు ఉద్దానంలో చూసినవాడిగా ఒక మాట చెప్పాలి. కొబ్బరిచెట్లు మొదళ్లతో సహా లేచిపోయి దారులకు అడ్డంగా పడ్డాయి, జీడితోటలు చదునయ్యాయి, కరెంటు స్తంభాలు వరసకు వరస ఒరిగిపోయాయి. తూర్పు విద్యుత్ పంపిణీ సంస్థ ఇతర జిల్లాల నుంచి కూడా లైన్‌మెన్లను దింపింది. మోకాలి లోతు బురదలో, ఊరి కుర్రాళ్లు ఒక పక్క తాడు లాగుతుండగా, స్తంభాన్ని భుజాల మీద ఎత్తి గోతిలోకి దించుతున్న నలుగురిని నేను చూశాను. అందులో ఒకాయనది కడప యాస. అలాంటి వేళ ఎవరి లైను, ఎవరి బిల్లు, కాంట్రాక్టులో ఉందా లేదా అన్న వాదన లేకుండా పనిలోకి దిగే సంస్థ ఒకటి ఉండాలి. దానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు మామూలు రోజుల బ్యాలెన్స్ షీటులో వృథాగా కనిపిస్తుంది.

విద్యుత్ రంగంలోనే దీనికి చట్టపరమైన దారి కూడా ఉంది. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 65 ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వం ఏ వర్గానికైనా, రైతుకే గానీ మరొకరికే గానీ, నియంత్రణ మండలి నిర్ణయించిన ధరకంటే తక్కువకు కరెంటు ఇవ్వదలిస్తే, ఆ తేడాను పంపిణీ సంస్థకు ముందస్తుగా చెల్లించాలి. పంపిణీదారు ప్రభుత్వ సంస్థ అయినా ప్రైవేటు అయినా సూత్రం ఒకటే. ఆచరణలో ఆ ముందస్తు తరచు వెనకస్తుగా మారుతోంది, సంస్థలు అప్పు తెచ్చి వడ్డీ కడుతున్నాయి, ఆ వడ్డీ తిరిగి మన బిల్లులోకే వస్తోంది. అయినా సూత్రం చట్టంలో ఉంది గనుక అడగడానికి ఆధారం ఉంది. బస్సుకు అలాంటి సెక్షన్ లేదు. కొండ దిగువ ఊరి ఉదయం సింగిల్‌కు కూడా అదే విధంగా వెల కట్టి ముందే చెల్లించే నిబంధన రాష్ట్రం చేసుకోవాలన్నది నా కోరిక. ఆ సింగిల్‌ను ఆర్టీసీయే నడపాలని నేను ఇష్టపడతాను, ఎందుకంటే వచ్చే ఏడూ అది అక్కడ ఉంటుందన్న భరోసా నాకు దాని మీదే ఎక్కువ. కానీ ఆర్టీసీ నడపలేనన్న ఊరికి, అదే వెలకు, వేళ తప్పకుండా నడుపుతానని ఒక మ్యాజిక్ యజమాని ముందుకు వస్తే, ఆ డబ్బు అతనికి ఇవ్వడానికి అడ్డు ఉండకూడదు.

ఇక్కడికి వచ్చేముందు సమాచార హక్కు చట్టం కింద డిపోకు పెట్టుకునే ఒక దరఖాస్తు నమూనా రాసి, కొన్ని ప్రతులు తీయించి, గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టించాను. అందులో మూడు ప్రశ్నలున్నాయి. ఖర్చుకు తగ్గ రాబడి లేకున్నా ప్రజావసరం కోసం నడుపుతున్న సర్వీసులు ఏవి, ఎవరి ఆదేశం మీద? వాటికోసం గత ఆర్థిక సంవత్సరంలో ప్రభుత్వం విడిగా ఎంత ఇచ్చింది, ఏ తేదీన? సున్నా చార్జీ టికెట్ల మొత్తం విలువ ఎంత, అందులో సంస్థకు చేరినది ఎంత? రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు ముప్పై రోజులు. మీ ఊరి రూటు పేరు రాయడానికి చోటు ఖాళీగా ఉంచాను. జవాబు వచ్చినవారు ఆ కాగితాన్ని డిపోలోని కండక్టరుకూ, స్టాండులోని ఆటో డ్రైవరుకూ ఇద్దరికీ చూపించమని ప్రార్థిస్తున్నాను. నమస్కారం.